నల్లోడు, పుల్లోడు, మా ఊరి పుంత



మొన్న ఆదివారం సాయంత్రం మా ఊరి కుర్రాళ్ళు నలుగురు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. "పెదనాన్నా, ఈ సంక్రాంతికి ఊళ్ళో మళ్ళీ ఎడ్ల పందేలు పెడదామనుకుంటున్నాం. మీ రోజుల్లో మీ బండే గెలిచిందంట కదా. పెద్దగా మీరు కూర్చోవాలి, మొదటి బహుమతి కూడా మీ చేతి మీదుగానే ఇవ్వాలి" అన్నారు. ఆలోచించి చెప్తానన్నాను. టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదండి. సంతోషం కొంత. ఇంకో కారణం కూడా ఉంది. అది నలభై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు, ఇంట్లోవాళ్ళకి కూడా. ఈ రోజు మీకు చెప్తాను. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ రోజులు ఎలా ఉండేవో చెప్పాలి. మా వయసువాళ్ళకి తెలుసు గానీ, ఇప్పటి పిల్లలకి పుంత అంటే సిమెంటు రోడ్డే. అప్పుడు పుంత అంటే రెండు పక్కలా తాటిచెట్లు, మధ్యలో బండి చక్రాలు కోసిన రెండు గాడులు. వానాకాలం మోకాలి లోతు బురద, సంక్రాంతి నాటికి మెత్తటి దుమ్ము. మా ఊరు కపిలేశ్వరపురం దిగువన, గౌతమి ఏటిగట్టు పక్క. ఊరి నుంచి చేలల్లోకి వెళ్ళే పుంత దరిదాపు మైలు పొడుగు, వంకర లేకుండా ఉండేది.

పందెం అనేది ఎవరో కమిటీ పెట్టి మొదలెట్టింది కాదండి. సార్వా కుప్పలు నూర్చాక ధాన్యం బస్తాలు మిల్లుకి తోలేవాళ్ళం. బస్తా 75 కేజీలు, బండికి పది, పన్నెండు బస్తాలు. వెళ్ళేటప్పుడు ఎడ్లు ఆబోతుల్లా రొప్పుతూ లాగేవి. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బండి, ఇంటి దగ్గర కుడితి గోలెం గుర్తొచ్చి వాటంతటవే పరుగు అందుకునేవి. వెనక బండివాడు ఊరుకుంటాడా? "ఏరా, పక్కకి తియ్యి" అని ఓ కేక. ముందువాడు తియ్యడు. అంతే, పందెం అక్కడే మొదలు. మువ్వల చప్పుడు ఊళ్ళోకి వినపడేసరికి ఆడాళ్ళు పిల్లల్ని వీధిలోంచి లోపలికి లాగేసేవారు. ఏ బండి ముందు వచ్చిందో ఆ రాత్రి రావిచెట్టు కింద తేలేది. తేలకపోతే కనుమ రోజు తేలేది.

కనుమ మన పశువుల పండగ కదండీ. పొద్దున్నే కాలవలో కడిగి, కొమ్ములకి రంగులేసి, మెడలో కొత్త పట్టెడలు కట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యాక పుంత మీదకి తోలుకొచ్చేవాళ్ళం. పుంతలో రెండు బండ్లు పక్కపక్కన పట్టవు కాబట్టి ఒక్కో బండినీ విడివిడిగా వదిలి టైం చూసేవారు. మా బడి మాస్టారి హెచ్‌ఎంటీ వాచీయే మాకు కోర్టు. చేల చివర బండి కదలగానే తాటిచెట్టు ఎక్కిన కుర్రాడు ఎర్ర తువ్వాలు ఊపేవాడు, ఇక్కడ మాస్టారు సెకన్ల ముల్లు చూసుకునేవారు. ఆయన మాటకి ఎదురు లేదు.

కృష్ణా, గుంటూరు, ప్రకాశం వైపు పందెం అంటే బండ లాగుడు. పళ్ళను బట్టి విభాగాలు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్లు, సీనియర్లు. పెట్టిన టైంలో క్వింటాళ్ళ రాయిని ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. అది ఒంగోలు గిత్తల బలం. మన వైపు బండి కట్టి పరుగు. ఇప్పుడు మెట్ట ప్రాంతంలో చాలాచోట్ల సీనియర్లకి 1600 మీటర్లు, జూనియర్లకి 1000 మీటర్లు అని కొలిచి పెడుతున్నారు. మాకు మీటర్లు తెలీవు. చేల చివర తూము దగ్గర నుంచి ఊరి రావిచెట్టు దాకా, అంతే.

మా నాన్నగారి జత పేర్లు నల్లోడు, పుల్లోడు. ఎలపట పుల్లోడు, దాపట నల్లోడు. రెండూ మా సావిడిలో పుట్టినవి కావు. పుల్లోణ్ణి రెండు పళ్ళ మీద సంతలో కొన్నారు. నల్లోడు మా మేనమామ గారింటి నుంచి వచ్చాడు. పుల్లోడు బెదురు గొడ్డు, గొడుగు తెరిచినా ఉలిక్కిపడేవాడు. నల్లోడు నెమ్మది. కాడి ఎత్తి పట్టుకుంటే తనే వచ్చి మెడ పెట్టేవాడు. మీ ఇళ్ళల్లో కూడా అలాంటి ఎద్దు ఒకటి ఉండే ఉంటుంది, మీకు అర్థమవుతుంది.

పందేనికి నెల ముందు నుంచి మేపు మారేది. ఉలవలు ఉడకబెట్టి రుబ్బి పెట్టేవాళ్ళం. తెలగపిండి, తవుడు కలిపిన కుడితి. చేలో పిల్లిపెసర, జనుము ఎదిగొస్తే పచ్చిమేత. సాయంత్రం ఏట్లోకి తోలి ఈత కొట్టించి, ఇసకలో నడిపించి తీసుకొచ్చేవారు నాన్నగారు. బండికి కూడా ముస్తాబే. తొట్టి పలకలు ఊడదీసేవారు. ఇరుసుకి ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారు. కమ్మరి వచ్చి చక్రాల ఇనప పట్టాలు, కడసీలలు చూసి వెళ్ళేవాడు. ఎడ్లకి కొత్త నాడాలు కొట్టించేవారు. ఇంతా చేసి పండగ వెళ్ళిన మూడో రోజు అవే ఎడ్లు దాళ్వా దమ్ములో మోకాలి లోతు బురదలో ఉండేవి. పందెం ఎడ్లు వేరు, దుక్కిటెడ్లు వేరు అనే మాటే లేదు మాకు.

నాన్నగారికి ఒక్కటే నియమం. ముల్లుగర్ర పట్టరు. కర్ర చివర ముల్లు పీకేసి వట్టి కర్ర పట్టుకునేవారు, అదీ గాల్లో ఆడించడానికే. "నోటితో చెప్తే వినే గొడ్డుని ముల్లుతో పొడిచామంటే తోలడం మనకి రానట్టే" అనేవారు. అందుకే ఆయన బండి ఎప్పుడూ రెండోదో మూడోదో వచ్చేది. మిగతావాళ్ళు ముల్లు వాడేవాళ్ళు, తోక మెలిపెట్టేవాళ్ళు. ఆయన ఓడిపోయి నవ్వుతూ వచ్చేవారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. బళ్ళో ఏడిపించేవారు మరి.

1984 కనుమ. నాకు పదహారేళ్ళు. ఆ యేడు బండి మీద నాన్నగారి పక్కన నేనెక్కాను. ఆయన పగ్గాలు పట్టి ఎలపట వైపు, నేను దాపట వైపు. నా పని బండి ఎగిరినప్పుడు బరువు అటూ ఇటూ వెయ్యడమే. ముందు రోజు నాడాలు కొట్టినప్పుడు కింద పడ్డ మేకు ఒకటి తీసి జేబులో వేసుకున్నాను. ఎందుకు తీశావంటే అప్పుడు నాకే తెలీదని చెప్పుకునేవాణ్ణి. అబద్ధమండి. తెలుసు.

మాది ఆఖరి బండి. తూము దగ్గర నాన్నగారు నాలుక తాటించారు, బండి కదిలింది. మొదట అంతా దుమ్ము, మువ్వలు, చక్రాల రొద. సగం దాటాక తాటిచెట్లు వెనక్కి పరిగెడుతున్నట్టుంది. నాన్నగారు "హయ్ నల్లా... హయ్ పుల్లా..." అంటున్నారు, అంతే. రావిచెట్టు కనపడింది. జనం కనపడ్డారు. నాతో చదివే కుర్రాళ్ళు కనపడ్డారు. చెయ్యి జేబులోకి పోయింది. మేకు తీసి నల్లోడి పిర్ర మీద, తోక మొదట్లో, గుచ్చాను. ఒకసారి కాదు, రెండుసార్లు.

నల్లోడు అంతకుముందు ఎప్పుడూ అరవలేదు. ఆ రోజు అరిచాడు. ఒక్క ఉరుకు ఉరికాడు, పుల్లోడు బెదిరి వాడి వెంట పడ్డాడు. బండి గాల్లోకి లేచింది. ఎలా దిగామో తెలీదు గానీ రావిచెట్టు దాటేశాం. మాస్టారు వాచీ చూసి మా నాన్నగారి పేరు చెప్పారు. రెండు సెకన్ల తేడా.

ఇక చూడండి సందడి. నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. బహుమతి ఇత్తడి బిందె. డప్పులతో ఇంటికి తీసుకొచ్చారు. అమ్మ దిష్టి తీసింది. ఇంతలో నాన్నగారు ఎడ్లని తోలుకుని కాలవకి వెళ్ళిపోయారు. నేను కాసేపటికి వెళ్ళాను. ఆయన నల్లోడి వెనక నీళ్ళల్లో నిలబడి, గడ్డి చుట్టతో నెమ్మదిగా రుద్దుతున్నారు. తోక పైకెత్తి చూశారు. నన్ను చూశారు. మళ్ళీ రుద్దుకుంటూ ఉండిపోయారు.

ఒక్క మాట అనలేదండి. తిట్టలేదు, కొట్టలేదు. సాయంత్రం ఆముదం, పసుపు కలిపి ఆ గాయానికి రాశారు. బిందెని సావిడిలో పెట్టారు, రోజూ దాంతోనే ఎడ్లకి నీళ్ళు పెట్టేవారు. మరుసటి ఏడు నుంచి మా బండి పందేనికి పోలేదు. ఎవరడిగినా "ఒకసారి గెలిచాం కదండీ, చాల్లెండి" అనేవారు. నాకొక్కడికే తెలుసు ఆ మాట నాకు చెప్తున్నారని. కొట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాణ్ణి.

తర్వాత 1986 ఆగస్టు. గోదావరి జిల్లాల్లో ఆ నెల మర్చిపోయినవాళ్ళు లేరు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది వరద. మా ఇల్లు అప్పుడు గట్టుకి ఏటి వైపున ఉండేది. సాయంత్రం పెరట్లోకి వచ్చిన నీళ్ళు చీకటి పడేసరికి అరుగెక్కాయి. గట్టు మీదకి పోవాలి. ఇంటికీ గట్టుకీ మధ్య రెండు ఫర్లాంగుల బాట, అప్పటికే నడుం లోతు నీళ్ళు. బండి కట్టారు నాన్నగారు. అమ్మ, నాయనమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, పక్కింటివాళ్ళ పిల్లలు ముగ్గురు, నాలుగు బస్తాల బియ్యం, విత్తనాలు.

పుల్లోడు నీళ్ళని చూసి కదలనన్నాడు. వెనక్కి తన్నుకుంటున్నాడు. నా చేతిలో కర్ర ఉంది. చీకట్లో నాన్నగారు నా చేతిలోంచి ఆ కర్ర తీసుకుని నీళ్ళల్లోకి విసిరేశారు. నల్లోడి ముందుకెళ్ళి గంగడోలు నిమిరి, చెవి దగ్గర ఏదో అన్నారు. నల్లోడు ఓ అడుగు వేశాడు. కాడి లాగేసరికి పుల్లోడికి తప్పలేదు. రెండో అడుగు, మూడో అడుగు. బాట కనపడదు, రెండు పక్కలా గుంటలు. నల్లోడు గిట్టతో తడిమి చూసుకుని అడుగు వేసేవాడు. రోజూ నడిచిన బాట కదా, వాడి కాళ్ళకి తెలుసు. నీళ్ళు వాటి డొక్కల దాకా వచ్చాయి, తొట్టిలోకి వచ్చాయి. చెల్లెళ్ళు ఏడుస్తున్నారు. ఓ చోట చక్రం గుంటలోకి జారింది. నల్లోడు మోకాళ్ళ మీద పడి, మళ్ళీ లేచి లాగాడు. గట్టెక్కాం.

గట్టు మీద వానలో ఎడ్లని విప్పుతూ నాన్నగారు అప్పుడన్నారు, రెండున్నరేళ్ళ తర్వాత. "చూశావా. వాడికి ముల్లు అక్కర్లేదురా." అంతే. ఆ రాత్రి నల్లోడి మెడ పట్టుకుని ఏడ్చాను. వానలో ఎవరికీ కనపడలేదు.

తర్వాత సంగతి మీ అందరికీ తెలిసిందే. పవర్ టిల్లర్లు వచ్చాయి, ట్రాక్టర్లకి దమ్ము చక్రాలు వచ్చాయి. నాలుగు రోజుల దమ్ము ఒక పూటలో అయిపోయేది. నేనే నాన్నగారితో పోట్లాడి ట్రాక్టర్‌తో చేయించాను, దాన్ని తప్పనను. అందరూ జతలు అమ్మేశారు. మా నాన్నగారు మాత్రం అమ్మలేదు. "వయసు మళ్ళిన ఎద్దుని సంతకి తోలితే అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు" అన్నారు. 1993లో నల్లోడు మా సావిడిలోనే పోయాడు. చేను గట్టున కొబ్బరిచెట్ల పక్కన పాతిపెట్టాం. మూడు నెలలకి పుల్లోడు కూడా. ఒంటెద్దు మేత మేయదండి, చూస్తూనే చిక్కిపోయింది.

ఆ తర్వాత పుంతలో రాజ్‌దూత్‌లు, యమహాలు పరిగెట్టాయి. ఇప్పుడు వరి కోత మిషన్లు వచ్చి గడ్డి కూడా సరిగ్గా మిగలట్లేదు. ఒక జత ఎడ్లని ఏడాది పొడుగునా మేపడం మామూలు రైతు వల్ల అయ్యే పని కాదు. అందుకే ఇప్పుడు పందెం ఎడ్లంటే డబ్బున్నవాళ్ళ సరదా. అవి కాడి కట్టేది పందేనికే. దుక్కి తెలీదు, బస్తా తెలీదు.

ఈ మధ్య మా మనవడు ఫోన్లో అమెరికా కార్ల పందెం చూపించాడు, డ్రాగ్ రేస్ అంటారంట. రెండు కార్లు పక్కపక్కన, వంకర లేని దారి, పావు మైలు, అంటే 402 మీటర్లు. అయ్యేది కొన్ని సెకన్లే. దాని పుట్టుపూర్వోత్తరాలు వాడు చదివి చెప్తుంటే నాకు మా పుంతే గుర్తొచ్చింది. అక్కడా మొదలెట్టింది మామూలు కుర్రాళ్ళే. పాత కార్లు కొని, సొంతంగా ఇంజన్లు బాగుచేసుకుని, కాలిఫోర్నియాలో ఎండిపోయిన చెరువు నేలల మీద, వీధుల్లో పందేలు వేసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ పిచ్చి బాగా పెరిగి, వీధుల్లో ప్రమాదాలు చూసి, 1951లో ఒక సంఘం పెట్టి నియమాలు రాసుకున్నారు. తొలి రోజుల్లో చాలామంది ఏ కారు తోలుకుని వచ్చారో దాంతోనే పందెం వేసి, దాంట్లోనే ఇంటికి పోయేవారంట. ఇప్పుడు వాటిలో పెద్ద రకం కార్లు రోడ్డు మీద తిరగడానికి పనికే రావు, ఇంకో బండి మీద ఎక్కించి తీసుకొస్తారు. పందెం పెరిగేకొద్దీ దాన్ని పుట్టించిన పనికి దూరమైపోతుంది కాబోలు.

కానీ కారుకీ ఎద్దుకీ ఒక తేడా ఉంది. కారుకి నొప్పి లేదు. 2014 మే నెలలో సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్ల బండి పందేలు ఆపమన్నప్పుడు నాకూ కోపం వచ్చింది. "గొడ్డుని మేపేవాడికి తెలీదా వాటి సంగతి" అని నేనూ నలుగురిలో అరిచాను. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తర్వాత సొంత చట్టాలు చేసుకున్నాయి, 2023లో అదే కోర్టు అవి చెల్లుతాయంది. అదంతా బాగానే ఉంది. కానీ తోకలు మెలిపెట్టడం, పొడవడం గురించి కోర్టులో మాట్లాడారని పేపర్లో చదివిన రోజు నా గొంతు పడిపోయింది. అది అబద్ధమని ఎలా అనను? ఆ మేకు నా జేబులోదే కదా.

ఇంతకీ కుర్రాళ్ళకి ఏం చెప్పానంటారా? నిన్న పిలిచాను. వాళ్ళకీ ఈ కథంతా చెప్పాను. చెప్పేసరికి నా గొంతు పట్టేసింది, వాళ్ళూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాను. ముందు అధికారుల దగ్గరికి వెళ్ళి చట్టం ఏం ఒప్పుకుంటుందో కనుక్కోండి. కుదరదంటే కనుమ రోజు ఎడ్లని అలంకరించి ఊరంతా ఊరేగిద్దాం, ఆ ఖర్చు నాది. కుదురుతుందంటే నేను పెద్దగా కూర్చుంటాను గానీ, ముల్లు, చెర్నాకోల, తోక పట్టడం, ఏదీ ఉండకూడదు. బండి దిగగానే పశువుల డాక్టరు గారు ఎడ్లని చూడాలి. ఒంటి మీద ఒక్క గాటు కనపడ్డా ఆ బండి లెక్కలోకి రాదు, ఎంత ముందొచ్చినా.

ఒక కుర్రాడు "అలాగైతే ఎవరూ రారేమో పెదనాన్నా" అన్నాడు. వచ్చినవాళ్ళతోనే చేద్దాం అన్నాను. ఒక్క జత వచ్చినా సరే.

మొదటి బహుమతి కూడా చెప్పాను. ఆ ఇత్తడి బిందె. ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, మెడ దగ్గర చిన్న సొట్ట, పుల్లోడు తన్నింది. నిన్న చింతపండు పెట్టి తోమాను, బాగానే మెరుస్తోంది. దాన్ని నేను గెలవలేదండి, ఇన్నాళ్ళూ నా దగ్గర దాచుకున్నాను, అంతే. న్యాయంగా తోలినవాడి ఇంటికి పోతే నాన్నగారు ఎక్కడున్నా సంతోషిస్తారు.

మరి మీ సంగతేంటండీ? మీ సావిడిలో ఉన్న జత పేర్లేంటి? ఎలపట ఎవరు, దాపట ఎవరు? కింద రాయండి. మన పిల్లలు ఆ పేర్లయినా చదువుతారు. నాలాగా ఎవరికైనా ఏదైనా మనసులో ఉండిపోతే అది కూడా రాయండి. రాశాక నాకైతే కాస్త తేలిగ్గా ఉంది.

ఉంటానండి. దాళ్వా నారుమడికి నీళ్ళు పెట్టే వేళయింది.